బోర్లించిన పళ్లాలు

మా ముత్తాత అప్పలస్వామి నాయుడుగారు మలయాలో ఒక తెల్లదొర రబ్బరు తోటలో కూలీల పెద్ద; కళింగపట్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆ తోటకు ఓడెక్కినవాళ్లలో సగం మందిని ఎక్కించింది ఆయనే. ఆయన కొడుకు, మా తాతగారు, ఊరి మునసబు. ఒక బియ్యం మిల్లు, రెండు కొబ్బరితోటలు ఉన్న మనిషి. ఆయన కొడుకు జగన్నాథ నాయుడుగారు, మా నాన్న, సౌదీలో యాన్బు రేవు దగ్గర ఒక కంపెనీ క్యాంపులో తెలుగువాళ్లకు పెద్ద. మూడు తరాలు ఇతరుల కష్టం మీద పెద్దరికం చేసిన ఇల్లు మాది. నాకు మిగిలింది ఒక ఉన్ని శాలువా. చలికాలంలో దాని మడతలు విప్పితే ఇప్పటికీ కర్పూరం చెక్క వాసన వస్తుంది. ఆ వాసనకు మనసు తేలికపడేవాళ్లు ఉంటారేమో. నాకు మాత్రం అరవై పాస్‌పోర్టులు గుర్తొస్తాయి.

శాలువా ఉండిన పెట్టె మలయా నుంచి వచ్చింది. దాని కథ మా ఇంట్లో పిల్లలకు అన్నంతోపాటు తినిపించేవారు. తోటలో మనవాళ్లు, పక్కన తగరం గనిలో చైనావాళ్లు ఒకేసారి పని ఆపేశారట. తెల్లదొర ఇద్దరు పెద్దల్ని, అంటే చైనావాళ్ల పెద్దని, మా ముత్తాతని, బంగళాకు పిలిపించి వరండాలో నిలబెట్టి మాట్లాడాడట. మా ముత్తాత మేకలు కోయించి మనవాళ్లకు విందు పెట్టాడు. చైనా పెద్ద తన గుడి ముందు తనవాళ్లకు విందు పెట్టాడు. తిన్నవాళ్లు తెల్లారి మాట్లాడకుండా పనిలోకి వెళ్లారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, చేస్తున్న పని ఒకటే కాబట్టి పెద్దలిద్దరికీ బాగా అర్థమైంది. ఆ స్నేహానికి గుర్తుగా చైనా పెద్ద, మూత మీద కొంగలు చెక్కిన కర్పూరం చెక్క పెట్టెను మా ముత్తాతకు పంపాడు. ఈ కథ వందసార్లు విన్నాను. కూలీలు ఏమి అడిగారో ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.

నాన్న ఆ పెట్టెను ఓడ సరుకులో యాన్బు తెప్పించుకున్నాడు. మంచాలు, బీరువాలు కంపెనీవి, అదొక్కటే మాది. క్యాంపుకూ మా క్వార్టరుకూ మధ్య ఇసుక నేల, దానికవతల రిఫైనరీ గొట్టాలు, గాలి అటు తిరిగితే కుళ్లిన గుడ్ల వాసన, ఇటు తిరిగితే ఎర్ర సముద్రపు ఉప్పు వాసన. సముద్రం ఒడ్డున గవ్వలేరుకుని మధ్యాహ్నాలు గచ్చు మీద ఆడుకునేదాన్ని. ఉగాదికి అమ్మ ఊరి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్న వేపపువ్వును సీసాలోంచి చిటికెడు తీసేది. వినాయక చవితికి తలుపులన్నీ వేసి గోధుమపిండితో బొమ్మ చేసేది. పొద్దున్నే వేడి ఖుబ్జు రొట్టెలు, చెమ్మగా జిగురుగా ఉండే ఖర్జూరాలు, ఇసుక గాలి లేచినప్పుడు కిటికీ సందుల్లో తడిగుడ్డలు. నాన్న మాత్రం వీటి వేటి జోలికీ రాడు. శుక్రవారం పొద్దున ఇస్త్రీ పంచె కట్టి, గుమ్మం ముందు కుర్చీ వేయించుకుని, మనుషులు వచ్చి నిలబడాలని కూర్చునేవాడు.

వచ్చేవాళ్లు. క్యాంపులో తెలుగువాళ్లంతా దాదాపు జగిత్యాల, సిరిసిల్ల వైపు మేస్త్రీలు, వడ్రంగులు, పైపులు అతికేవాళ్లు. కంపెనీ మేనేజరు ఇంగ్లండు మనిషి. ఎండకు ముక్కు మీద తోలు ఎప్పుడూ పొట్టులా రాలుతుండేది. పఠాన్లకొకడు, ఫిలిప్పీన్స్ వాళ్లకొకడు, తెలుగువాళ్లకు మా నాన్న, ఇలా జాతికొక పెద్దను పెట్టుకుని, ఆ పెద్ద మెడ మీద చెయ్యి వేస్తే చాలు మందంతా నడుస్తుందని నమ్మినవాడు. నాన్నని ‘మిస్టర్ నాయుడు’ అని ఎంతో మర్యాదగా పిలిచేవాడు, కుర్చీ మాత్రం ఎన్నడూ చూపించలేదు. జాతి పాస్‌పోర్టులు జాతి పెద్ద దగ్గరే ఉండాలన్నది వాడి పద్ధతి. మనిషి చేతిలో ఇకామా కార్డు ఉంటే ఆ దేశంలో ఉండవచ్చు. పాస్‌పోర్టు లేకపోతే ఆ దేశం విడిచి పోలేడు. అందువల్ల అరవై మంది ఇంటిదారి మా పెట్టెలో, అమ్మ పట్టుచీరల కింద ఉండేది. తాళంచెవి అమ్మ కొంగుకు ఉండేది.

సెలవుకు వెళ్లే మనిషికి నాన్న ఆ పుస్తకం తీసి ఇచ్చే తీరు, దేవుడి ప్రసాదం పెట్టినట్టుండేది. వాళ్లు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వుకునేవాళ్లు. “బొంబాయిల ఆఫీసరు వాసన జూసి, గుళ్లెకెళ్లి వస్తున్నవా అనడిగిండు దొరా,” అన్నాడొకసారి మల్లేశం. మల్లేశం జగిత్యాల వైపు తాపీమేస్త్రీ, తక్కువ మాటల మనిషి. నాన్న ఆ మాటకు వారం రోజులు మురిశాడు. పొగడ్తకూ ఎగతాళికీ తేడా తెలియని చెవులు మా వంశంలో చాలా కాలంగా ఉన్నాయి.

గల్ఫ్ యుద్ధం మొదలైన చలికాలంలో మా బడి మూసేశారు. అమ్మ కిటికీ అద్దాలకు అడ్డంగా నిలువుగా టేపు అంటించింది. మేనేజరు ఇంటికీ, ఆఫీసు వాళ్ల ఇళ్లకూ గ్యాస్ మాస్కులు వచ్చాయి. మాకు రెండే వచ్చాయి, మేము ముగ్గురం. క్యాంపుకు ఒక్కటీ రాలేదు. మేనేజరు భార్యాపిల్లలు ఆ వారమే విమానమెక్కారు. అప్పుడు మల్లేశం, మరో నలుగురూ వచ్చి పాస్‌పోర్టులు అడిగారు. శుక్రవారం చూద్దామన్నాడు నాన్న. ఆయన ముఖంలో భయం లేదు, సంబరం ఉంది. ముత్తాత కథ తనకూ వచ్చిందనుకున్నాడు.

శుక్రవారం ఇసుకలో తుంగచాపలు పరిపించి విందు పెట్టాడు. మేక మాంసం, పప్పుచారు, బెల్లం పరమాన్నం. పొద్దుటి నుంచీ ఉల్లిపాయలు వేగిన వాసన రిఫైనరీ కంపును కూడా అణిచేసింది. ఎప్పటిలాగే ఎవరి స్టీలు పళ్లెం వాళ్లు తెచ్చుకుని నాలుగు వరసల్లో బుద్ధిగా కూర్చున్నారు. ముందు ఉప్పు వడ్డించాలి. అది ఇంటి ఆడపిల్ల పని. నేను ఉప్పుగిన్నెతో మొదటి మనిషి ముందు వంగాను. మల్లేశం పళ్లాన్ని మెల్లగా బోర్లించి, “వద్దు బిడ్డా,” అన్నాడు. పక్కవాడు బోర్లించాడు. ఆ పక్కవాడు బోర్లించాడు. చప్పుడు వరస చివరి దాకా వెళ్లి, వెనక వరసలోంచి తిరిగి వచ్చింది.

“ఏంటిది?” అన్నాడు నాన్న.

“మీ ఉప్పు తిన్నంక మీకెదురు మాట్లాడరాదు దొరా,” అన్నాడు మల్లేశం. “మాట్లాడేదున్నది. గందుకే తింటలేం. ఇంటికాడ పిల్లలు ఏడుస్తున్నరు. మా బుక్కులు మాకియ్యుండ్రి.”

“తాళంచెవి మేనేజరు దగ్గరుంది.”

అమ్మ అప్పుడే పరమాన్నం గిన్నె దింపడానికి వంగింది. కొంగున తాళంచెవి గిన్నెకు తగిలి ఖంగుమంది. మల్లేశం తల దించుకున్నాడు. వెనక నుంచి ఎవడో, “అయితె మేనేజరు చీరె కట్టిండన్నమాట,” అన్నాడు. అరవై మంది నవ్వారు. మా నాన్న ముఖం మీద మనుషులు నవ్వగా నేను చూడటం అదే మొదలు.

పళ్లాలను అలాగే వదిలేసి వెళ్లిపోయారు. మర్నాడు పని బస్సు ఖాళీగా వెళ్లింది, ఆ మర్నాడూ అంతే. గాలికి ఇసుక వచ్చి పళ్లాల అంచులకు చేరింది. మూడో రోజు మేనేజరు పోలీసు జీపుతో వచ్చి, మా గుమ్మంలో నిలబడి, పేర్లు కావాలన్నాడు. నాన్నది చక్కటి దస్తూరి. ఏడు పేర్లు రాశాడు, మొదటిది మల్లేశం. ఆ ఏడుగురినీ దేశం నుంచి పంపేయడానికి వాళ్ల పాస్‌పోర్టులు తీయమన్నాడు మేనేజరు.

అమ్మ తాళంచెవి విప్పి నాన్న చేతిలో పెట్టింది. “అరవయ్యీ ఇచ్చీండి,” అంది. “ఆళ్లవి ఆళ్లకి ఇచ్చీడానికి ఆడి సెలవెందుకు?”

“నీకు తెలీదు, ఊరుకో,” అని నాన్న ఏడు తీసి పెట్టె మూశాడు.

జీపు ఎక్కేముందు మల్లేశం మా గుమ్మం వైపు వచ్చాడు. “ఇంటికి తోలుడు శిక్షనుకుంటున్నరా దొరా?” అన్నాడు. “మేమడిగింది గదే. కాని అందరికడిగినం.” మిగిలిన యాభై ముగ్గురూ మర్నాడు పొద్దున్నే వచ్చి, పళ్లాలు ఏరుకుని, మా ఇంటి వైపు చూడకుండా పనికి వెళ్లారు.

క్షిపణులు యాన్బు దాకా రాలేదు. “చూశావా, ఏమీ కాలేదు,” అని నాన్న బతికున్నంతకాలం అంటూనే ఉన్నాడు. నేనూ ఆ ఇంటి బిడ్డనే, ఎవరి ముందూ నడుం వంచనిదాన్నే, కాబట్టి చెప్పే హక్కుంది. పెద్దరికం అంటే ఇవ్వగలగడం. ఇంకొకడి తాళానికి కాపలా కాయడం బంట్రోతు పని. పంచె ఇస్త్రీ చేసి కట్టుకున్నా, ఉంగరం పెట్టుకున్నా బంట్రోతు బంట్రోతే. ఆ పళ్లాలు బోర్లించినవాళ్లకు తిండి పెట్టినవాడి మీద గౌరవం ఉంది. పెట్టినవాడికే తన అన్నం మీద గౌరవం లేదు.

ఆ తర్వాత శుక్రవారాలు కుర్చీ ఉంది, నిలబడటానికి మనిషి లేడు. మంద లేని పెద్ద మేనేజరుకు ఎందుకు? ఏడాది తిరక్కుండా పాస్‌పోర్టులు ఆఫీసు ఇనుప బీరువాలోకి మారాయి, నాన్న స్టోరు గుమాస్తా బల్ల దగ్గరికి మారాడు. విశాఖపట్నం తిరిగి వచ్చాక ఆయన చుట్టాలకు చెప్పిన కథలో అరవై మందీ విందు తిని పనిలోకి వెళ్లారు. ఆ చుట్టాలు తలలూపారు. వాళ్లకు అంతకన్నా కావలసిందీ లేదు.

ఇప్పుడు ఆ క్యాంపు లేదంటారు. అమ్మ లేదు, నాన్న లేడు. నన్ను ‘బిడ్డా’ అన్న మనిషి ఉన్నాడో లేదో కనుక్కునే ముఖం నాకు లేదు. కొబ్బరితోటలు తాతగారి రోజుల్లోనే అమ్మేశారు. మిల్లును నాన్న అమ్మాడు. పెట్టెను నేను భీమిలి రోడ్డులో ఒక హోటలువాళ్లకు, తాళంచెవితో సహా అమ్మాను.