మూడువందల పదిహేడో నంబరు మామ

తమిళనాడు తెలుగువాడు కోవిల్‌పట్టి కరుప్పసామికి ఉన్నది ఒక్కటే జబ్బు. తన చేతిలోంచి ఏదైనా బయటికి వెళ్ళిందంటే, అది చేరవలసినచోటికి చేరిందో లేదో స్వయంగా వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. చూస్తేగాని ముద్ద దిగదు.

పోస్టుడబ్బాలో ఉత్తరం వేస్తే, పోస్టుమాన్ వచ్చి తాళం తీసేదాకా పక్కనే నిలబడేవాడు. ఉత్తరం సంచిలో పడ్డాక సంచి వెనకాలే పోస్టాఫీసు దాకా నడిచేవాడు. ఒకసారి నరికుడిలో ఉన్న పినతండ్రి కొడుక్కి పెళ్ళిపత్రిక పంపించి, మనసాగక మరునాడే బస్సెక్కి పోయాడు. మనిషి చేరాడుగాని పత్రిక చేరలేదు.

"అన్నా, నువ్వే వొచ్చినావు గదా, ఇంగ పత్రికెందుకు?" అన్నాడు తమ్ముడు.

"నేను వొచ్చింది పత్రిక వొచ్చిందా అని చూడనీకిరా" అని మూడురోజులు అక్కడే తిని కూర్చున్నాడు. నాలుగోనాడు పోస్టుమాన్ చేతిలో పత్రిక కనబడగానే "శెరి, చేరింది" అని చెప్పులు తొడుక్కుని తిరుగుబస్సెక్కాడు. ఈలోగా పెళ్ళి ఇక్కడ అయిపోయింది. నమ్మనివాళ్ళు నరికుడి వెళ్ళి అడగవచ్చు.

అతను చేసే పనీ అలాంటిదే. పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాల మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగితే అక్కడ ముడివేయడం. ఇరవైరెండేళ్ళుగా అదే పని. "కన్ను తీసినామంటే పోగు తెగతాది" అనేవాడు. లోకంలో ఉన్నవన్నీ ఆయనకు పోగులే.

1998 జూన్‌లో ఆ చేతిలోంచి మేనకోడలు సత్యప్రియ కాలేజీ అప్లికేషను బయటికి వెళ్ళింది.

సత్యప్రియకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. విరుదునగరులో ఒక ఆడపిల్లల కాలేజీకి బీయస్సీ కోసం దరఖాస్తు పెట్టింది. నంబరు మూడువందల పదిహేడు. తండ్రి లారీతో నెలలో సగంరోజులు రోడ్డుమీదే ఉంటాడు కాబట్టి ఇంట్లో రాజ్యమంతా తల్లిది, అంటే కరుప్పసామి అక్క సెల్లత్తాయిది. ఆమె ముందే తేల్చి చెప్పేసింది.

"సీటు వొస్తే కాలేజి. రాలేదా, ఆడి నెల పుట్టేలోపల అగ్గిపెట్టెల కంపెనీ. సుమ్మా, ఊరికే ఇంట్లో కూర్చోబెట్టేది లేదు."

అప్లికేషను ఇచ్చిన మరునాటినుంచే మామ తన పని సాయంత్రం షిఫ్టుకు మార్పించుకున్నాడు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, సాత్తూరు మీదుగా గంటన్నర ఊగి, కాలేజీ ఆఫీసు కిటికీలో తల పెట్టేవాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, చెంబెడు నీళ్ళు తాగి వార్తలు చదివేవాడు.

"బీరువాలో ఉండాది తల్లీ. మూడో అరలో."

వారంరోజులు మూడో అరే. ఎనిమిదోనాడు మామ కొంచెం ఆలస్యంగా వచ్చాడు. చెంబెడు నీళ్ళు కాదు, రెండు చెంబులు తాగాడు.

"లిస్టు వేసినారా మామా?"

"పెద్ద కాలేజి గదమ్మా. నిదానంగా వేస్తారు. నీ అప్పిలికేషను ఇంకా బీరువాలోనే ఉండాది. కానీ తలుపు తెరిచి పెట్టినారు."

తరవాత కథ ఊపందుకుంది. ఒకరోజు అప్లికేషను బీరువాలోంచి స్టూలు మీదికి దిగింది. ఇంకోరోజు స్టూలుమీదినుంచి టేబులు మీదికి ఎక్కింది. మధ్యలో రెండురోజులు కదల్లేదు. "పైన పేపరువెయిటు పెట్టినారు. మంచిదే, గాలికి పోదు" అన్నాడు మామ. ఆ తరవాత పేపరువెయిటు తీశారు. వీధిలో ఆడవాళ్ళు సత్యప్రియను నీళ్ళ కుళాయి దగ్గర ఆపి, పురిటికెళ్ళిన కూతురి సంగతి అడిగినట్టు అడిగేవాళ్ళు.

"ఏమే ప్రియా, అప్పిలికేషనుకి ఈరోజు ఎట్లుండాది? లేచి కూర్చున్నాదా?"

సత్యప్రియకు ఒళ్ళు మండిపోయింది. ఒక గురువారం తనూ బయల్దేరింది. మామ ఆరోజు బస్సులో వింతగా ఉన్నాడు. వేరుశనగ మిఠాయి కొనిచ్చి, "నువ్వు స్టాండులోనే కూర్చోమ్మా, నేను పోయి చూసొస్తా" అన్నాడు. ఆమె వినలేదు. కాలేజీలో అడుగుపెట్టగానే మామ ఆమెకంటే ముందు పరుగెత్తి, నోటీసుబోర్డుకు వీపు ఆనించి, బల్లిలా అతుక్కుపోయాడు. కాన్వెంట్లో తప్పు చేసిన పిల్లవాడైనా మొహం గోడకు పెడతాడు. ఈయన వీపు పెట్టాడు.

కిటికీలోంచి క్లార్కు మునియాండి తమిళంలో కేకేశాడు. "ఏమయ్యా త్రీ సెవెన్టీన్, ఇవాళ చుట్టాల్ని కూడా తీసుకొచ్చావా? ఆఫీసు లోపల చాప వేయమంటావా?"

వరసలో ఉన్న అమ్మాయిలు ఫక్కుమన్నారు. ఆ కాలేజీలో మామకు పేరు కూడా లేదు, నంబరే.

"సార్, నా అప్లికేషను..." అంది సత్యప్రియ.

మునియాండి ఆమె భుజం మీదుగా మామవైపు చూశాడు. దగ్గాడు. "టేబులు మీద ఉందమ్మా" అన్నాడు.

తిరుగుబస్సులో ఆమె కిటికీవైపు తిరిగి ఏడ్చింది.

"ఇంగ నువ్వు అక్కడికి పోవొద్దు మామా. నీ మొహం చూసి చూసి విసుగొచ్చి ఆయన నా అప్లికేషన్ని అడుక్కి తోస్తా ఉండాడు. సీటు రాలేదంటే నీవల్లే రాలేదనుకో."

"అట్ల గాదమ్మా..."

"నా తలమీద చెయ్యిపెట్టి సత్యం చెయ్యి. విరుదునగర్లో కాలు పెట్టనని."

మామ నూలు అంటిన చెయ్యి ఆమె తలమీద పెట్టాడు.

శుక్ర, శని, ఆది, సోమ. నాలుగురోజులు అప్లికేషను వార్తల్లేవు. మంగళవారం పదింటికి పోస్టుకార్డు వచ్చింది. కెమిస్ట్రీలో సీటు ఖాళీ అయింది, సోమవారం పదకొండు గంటలలోగా సర్టిఫికెట్లతో రావాలి, రానిపక్షంలో తరవాతివారికి ఇవ్వబడును.

సోమవారం నిన్ననే.

సత్యప్రియ తల కూడా దువ్వుకోకుండా బస్సెక్కింది. కిటికీ దగ్గర ఆమెను చూడగానే మునియాండి లేచి నిలబడ్డాడు.

"ఎక్కడమ్మా మీ మామ? రోజూ ప్రాణం తీసేవాడు, కావలసినరోజు లేడు! శుక్రవారమే నీ వంతు వచ్చింది. కార్డు రాశానుగాని, కార్డెందుకు, ఆయనే వస్తాడుగా, నోటితో చెబుదామనుకున్నా. శనివారం చూశా. సోమవారం వరండాలో నిలబడి మూడుసార్లు 'త్రీ సెవెన్టీన్' అని అరిచా. పన్నెండు దాకా ఆపా. ఇంక ఆపలేక తరవాతి పిల్లకిచ్చేశా. నాగలాపురం అమ్మాయి, పూంగొడి. తండ్రితో ఇక్కడే కూర్చుని ఉంది."

"నా వంతేంటి సార్?"

"వెయిటింగ్ లిస్టమ్మా. మొదటి లిస్టులో నీ పేరు లేదు. వెయిటింగ్‌లో నాలుగో పేరు. లిస్టు వేసి పదిహేను రోజులైంది, అదుగో బోర్డుమీద. నీకు చెప్పొద్దని మీ మామ నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. 'పిల్ల అన్నం మానేస్తాది సార్, బీరువాలో ఉందని చెప్తా' అన్నాడు. నాలుగు మూడైన రోజు స్టూలు అన్నాడు. మూడు రెండైన రోజు టేబులు. సీటొచ్చినవాళ్ళలో ఎవరూ ఇంజనీరింగుకు పోకపోతే పేపరువెయిటు. ఆ పేపరువెయిటు నేనే చెప్పా" అన్నాడు మునియాండి, కొంచెం గర్వంగానే.

సత్యప్రియ ఆ బోర్డు చూసింది. మామ వీపు ఆనించినచోటనే ఉంది లిస్టు.

హిస్టరీలో ఎవరూ అడగని సీట్లు రెండున్నాయి. అందులో ఒకటి తీసుకుంది. అగ్గిపెట్టెల కంపెనీ తప్పింది. ఇప్పుడు ఆమె సాత్తూరులో హిస్టరీ టీచరు. ఎన్నో యుద్ధాల తేదీలు పిల్లలచేత వల్లె వేయిస్తుంది. ఏ రాజు ఏ తప్పు చేసి రాజ్యం పోగొట్టుకున్నాడో వివరంగా చెబుతుంది. తన గురువారం సంగతి మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఆ మంగళవారం సాయంత్రం ఇంటికొచ్చి చెబితే తల్లి నెత్తి కొట్టుకుంది.

"వీడేమి సుమ్మా ఉండినాడనుకున్నావా? నాలుగురోజులూ సాత్తూరు దాకా పోయినాడు. విరుదునగర్లో కదా కాలు పెట్టేది లేదు! సాత్తూరు స్టాండులో నిలబడి, అట్లనుంచి వొచ్చే బస్సు ప్రతిదీ ఆపి, 'కాలేజీ పక్కనించి ఎవరన్నా వొచ్చినారా' అని అడిగినాడంట. కండక్టరు నవ్వి నవ్వి నాతో చెప్పినాడు."

సత్యప్రియ మామ ముందు కూర్చుంది.

"నన్ను తిట్టు మామా."

"తిడితే సీటొస్తాదా?" మామ గడ్డం గోక్కున్నాడు. "ఆ నాగలాపురం పిల్ల చేరిందా మరి? చేతికి కాగితం ఇచ్చినారు, శెరి. చేరిందా?"

"నాకేమి తెలుసు మామా!"

కాలేజీ తెరిచినరోజు ఆమెను దిగబెట్టడానికి మామ వెంట వచ్చాడు. తలమీద చెయ్యిపెట్టి చేసిన సత్యాన్ని, మళ్ళీ తలమీద చెయ్యి పెట్టించే ఆమె రద్దు చేయించింది. హిస్టరీ క్లాసు మేడమీద. మొదటి పీరియడు అయ్యాక సత్యప్రియ వరండాలోంచి కిందికి చూస్తే, మామ కెమిస్ట్రీ క్లాసు కిటికీ దగ్గర మునివేళ్ళమీద నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ కర్ర ఊపుకుంటూ వస్తున్నాడు. వరండా అంతా అమ్మాయిల నవ్వులు.

ఆమె మెట్లు దిగి నేరుగా వెళ్ళి మామ పక్కన నిలబడింది.

"ఏది మామా? ఎవరు?"

"అదో, రెండో బెంచి, రెండు జడలు. పెన్ను మూత నోట్లో పెట్టుకోనుండాది చూడు. ఆ పిల్లే పూంగొడి. హాస్టల్లో ఉండాదంట, అడిగినా. బాగా చేరింది."

"వాళ్ళ సీటు చేరితే మనకెందుకు మామా?"

"మన చేతిలోంచి పోయిందే గదమ్మా!"

వాచ్‌మన్ వచ్చి కర్రతో నేలమీద టకటక కొట్టాడు. సత్యప్రియ అతనివైపు తిరగనైనా తిరగకుండా కిటికీ చువ్వలు పట్టుకుని మునివేళ్ళమీద లేచింది.

"ఒక్క నిమిషం ఉండన్నా" అంది. "నేను ఇంకా సరిగా చూడలేదు."