కొత్త తొండం నీళ్లు

ఒక్క సీసా నీళ్లను ఒక్కసారి పరీక్షించి, కాయితం మీద ఒక్క అంకె రాసి, మా బావి నీళ్లు తాగడానికి పనికిరావన్నారు. ఆ అంకె ఎంత ఇటు అటు కావచ్చో రాయలేదు. ఉండాల్సిన హద్దుకు అది కాస్తంత పైన ఉంది, అంతే. ఈ వయసులో కూడా తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

పోలీసు యాక్షన్ తర్వాత వచ్చిన ఎండాకాలం అది. మాది చిట్యాలకు లోపలగా ఉన్న ఊరు. దొర గడీలో మిలిటరీ క్యాంపు దిగింది. కొందరు జవాన్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు నీళ్లలో ఏమన్నా కలిపారేమోనని క్యాంపులో అనుమానం. వాళ్లు తాగేది మా బావి నీళ్లే. ఊళ్లో ఇంకో బావి ఉంది గాని అది చౌడు. ఆ నీళ్లలో పప్పు కూడా ఉడకదు. అందుకే మా వాడంతా మా బాపు బావికే వచ్చేది.

పట్నం ల్యాబు నుంచి ఒకాయన సీసా పట్టుకొని వస్తాడని ముందురోజే కబురొచ్చింది. సర్కారు మనిషి వస్తుంటే చినిగిన తొండంతో ఎడ్ల మోట తోలడం బాపుకు నామోషీ అనిపించింది. బొక్కెన కింద వేలాడే ఆ తోలుగొట్టాన్ని విప్పేసి కొత్తది కట్టించాడు. తంగేడు చెక్కలో నానబెట్టి పదును చేసిన తోలు. ఇంకా వాసన పోలేదు. ఎడ్ల కొమ్ములకు నూనె కూడా రాశాడు.

"బాయిలకెల్లి చేదుకొని పట్టాల్నా?" అని అడిగాడు సీసా తెచ్చినాయన.

"అయ్యో, నిలవ నీళ్లెందుకు సారూ! మోట నడుస్తాంది, పారే నీళ్లు పట్టున్రి. మీరొస్తున్నరనే కొత్త తొండం కట్టించిన" అన్నాడు బాపు.

"నీళ్లు జర ఎర్రగున్నయేంది?"

"కొత్త తోలు గద సారూ. రెండు దినాలైతే తేటైతయి."

ఆయన నవ్వి, సీసా నింపి, లక్కతో మూత బిగించి వెళ్లిపోయాడు.

అంకె వచ్చాక బావి చుట్టూ ముళ్లకంప వేసి కావలికారును పెట్టారు. బాపును రోజూ గడీకి పిలిచి ఎండలో కూచోబెట్టారు. ఏం కలిపినవ్, ఎవలు కలపమన్నరు అని తెలుగొచ్చిన జమేదారు ఒకడు అడిగిందే అడిగేవాడు. బాపు సాయంత్రం ఇంటికొచ్చి పడుకునేవాడు. వాడోళ్లు చౌడు బావికి మళ్లారు.

నేను బడికి పోలేదు. ఉర్దూ, ఇంగ్లీషు నాకు నేనే కూడబలుక్కొని నేర్చుకున్నవి. నల్లగొండలో పాత సామాను దుకాణంలో కొన్న, అట్టలు లేని రసాయన పుస్తకంలో, కాయితం మీద పేరు రాసిన ఆ పరీక్ష దొరికింది. గత్తర, అదే కలరా, వచ్చినప్పుడు బావుల్లో పోసే ఊదా మందునే చుక్కలుగా వేస్తారట. నీళ్లలో మురికి ఎంతుంటే అంత రంగును తినేస్తుంది. అట్లా పోయిన రంగు లెక్కే ఆ అంకె. తోలులో దిగిన చెక్క రసం కూడా అదే పని చేస్తుందని ఆ పుస్తకంలోనే ఉంది.

కావలికారును కడవెడు నీళ్లడిగాను.

"జల్ది తోడుకో. నేను గివే తాగుతున్న, ఎవలకు జెప్పకు" అన్నాడు.

"కడుపు నొస్తలేదా మామా?"

"క్యాంపోళ్ల రొట్టె తింటే నొస్తది."

ఆ కడవలోంచి ఇత్తడి చెంబుతో తీసిన నీళ్లలో ఊదా రంగు నిలిచింది. అవే నీళ్లను, మోట నుంచి విప్పి తెచ్చిన కొత్త తొండంలో కాసేపు ఉంచి తీస్తే గోధుమరంగుకు తిరిగాయి. మళ్లీ మళ్లీ చేశాను. అదే కడవ, అదే చేయి, అయినా రంగు ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనక పోయేది. ల్యాబు వాళ్ల చేయి నా చేయి కన్నా కుదురైందే అనుకుందాం. హద్దు మీద నిలిచిన అంకెకు ఆ కాస్త తేడా చాలదా?

వానలు పడ్డాక క్యాంపు లేచిపోయింది. బాపును పిలిచేవాళ్లు లేరు. కంప తీసేశాం. వాడోళ్లు మాత్రం రాలేదు. "కాయిదం మీద రాసిండ్రు గద బావా, పిల్లలున్నోళ్లం" అన్నాడు పక్కింటాయన బాపుతో. బాపు తెల్లారి లేచి బావి గట్టు ఊడ్చి, ఎవరన్నా కడవ పట్టుకొస్తారేమోనని అక్కడే కూచునేవాడు.

అది చూడలేక పట్నం వెళ్లాను. ఒకసారి గేటు దగ్గరే ఆపేశారు. ఇంకోసారి సాహెబు లేడన్నారు. చివరికి పరీక్ష చేసినాయనే దొరికాడు. తొండం సంగతి, రంగు సంగతి చెప్పాను. మీ అంకె ఎంత ఇటు అటు కావచ్చు, ఆ మాట ఎందుకు రాయలేదు, మా వాడోళ్లకు ఇప్పుడేం చెప్పమంటారు అని అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. కొత్త సంగతి విన్నట్టు కూడా లేదు.

"తోలు ఊరిన నీళ్లల్ల రంగు పోతదని నాకెరుకే తమ్మీ. ఇటు అటు అన్నది ప్రతి పరీక్షకు ఉంటది. క్యాంపోళ్లు ఎంత ఉన్నదని అడిగిండ్రు, ఎంత ఇటు అటని అడగలే. సీసల నీళ్లకు మేం జవాబు చెప్తం. బాయికి చెప్పం."