ఇసుక పడవ దగ్గర శిలాఫలకం

ఇంటికొచ్చి గంటయినా కోపం చల్లారలేదు.

కొత్తపేట దగ్గర ఏటిగట్టు మీద పాత ఇసుక పడవకు రంగులేసి ప్రదర్శనకు పెట్టారంటే, ఈ సాయంత్రం చూడ్డానికి వెళ్లాను. యంత్రాలు రాకముందు కూలీలు గోదావరిలో మునిగి, బకెట్లతో ఇసుక తోడి ఇలాంటి పడవలు నింపేవారు. మా వీధిలోని నూకాలమ్మగారు కూడా వెంట వచ్చారు. ఆవిడ భర్త అలా మునిగి మళ్లీ పైకి రాలేదు.

“నాకు చదువు రాదండి. మా ఆయన పేరేవన్నా రాసేరేమో చూడండి,” అన్నారు.

శిలాఫలకం మొత్తం చదివాను. ప్రారంభించినవారు, అధ్యక్షత వహించినవారు, కాంట్రాక్టరు. అంతే.

“లేదండీ,” అన్నాను.

“ఆయ్. మరన్ని పేర్లున్నాయి కదండీ, వాళ్లంతా ఎప్పుడు మునిగేరండీ?”

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. మీరైతే ఏం చెప్పేవారు?