బోనుకు కరక్కాయ రంగు

బొగ్గుబాయి వర్క్‌షాపు నుంచి బోను మా క్వార్టర్ల లైనుకు వచ్చిన రోజు దాన్ని చూసి నాకు ఒళ్ళు మండింది. చిరుతపులిని పట్టడానికి చేసిన బోను అది. చుట్టూ ఇనుప ఊచలు, అడుగున చెక్క పలక, పైనుంచి జారిపడే రేకు తలుపు. లోపల మేకపిల్లను కట్టే తాడుకు ఒక చీల. పులి మేకను లాగితే చీల ఊడి తలుపు పడుతుంది. పనితనానికి వంక పెట్టేది లేదు. కానీ నిలువెల్లా ఎర్ర రంగు పూసి తెచ్చారు. చేసింది ఎవరో కాదు, మా ఆయనే. బొగ్గుబాయిలో ఫిట్టరు. వర్క్‌షాపులోంచి ఏ ఇనుప సామాను బయటికి రావాలన్నా ముందు రంగు పడాల్సిందే. ఆ అలవాటు కొద్దీ పులి బోనుకూ రెండు పూతలు వేశాడు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో సంగతి. క్వార్టర్లలో మాది చివరి లైను, అందులోనూ చివరి ఇల్లు. పెరడు దాటితే పొదలు, పొదలు దాటితే అడవి. ఆ ఎండాకాలం వాగులన్నీ ఎండిపోయి, మా నల్లా నీళ్ళు పారే మోరీ దగ్గరికి చిరుత రావడం మొదలుపెట్టింది. ముందు కుక్కలు పోయాయి. తర్వాత పక్క లైనువాళ్ళ మేక పోయింది. ఒకనాడు పట్టపగలే మా వాకిట్లో పడుకున్న కుక్కను నోట కరుచుకుని పోయింది. ఆ కుక్క పక్కనే మా బిడ్డ చింతగింజలతో ఆడుకుంటోంది. దానికి అప్పటికి రెండేళ్ళు దాటాయంతే. నడకతో పనిలేదు, ఎటు పోయినా పరుగే. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. ఈసారి ఎత్తుకుపోయేది దీన్నే అని మనసు ఒకటే కొట్టుకునేది. అంత ఉక్కలో తలుపులు బిడాయించుకుని, బిడ్డను చంకన వేసుకునే పనులు చేసుకున్నాను.

బోనును పెరటి వెనక పొదల్లో పెట్టారు. తెల్లారి చూస్తే దుమ్ములో పులి అడుగులు. బోను చుట్టూ తిరిగింది, ఎంత దగ్గరికి రావాలో అంత దగ్గరికే వచ్చింది, వెళ్ళిపోయింది. లోపల మేకపిల్ల వణుకుతూ నిలబడి ఉంది. మర్నాడూ అంతే.

"పులికి పెండ్లి పందిరి ఏసినవు గదా ఫిట్టరూ, పత్రిక పంపుడు మరిచినవా?" అన్నారు తోటివాళ్ళు. లైనంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"గా రంగు వాసనకు మనకే తల నొస్తుంది. పులి ఎట్ల వస్తదనుకున్నవయ్యా?" అన్నాను ఆయన్ని.

"రంగు ఎయ్యకుంటే తుప్పు పడ్తదే."

"పట్టనియ్యి. తుప్పే గావాలె."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆయనది హుజూరాబాద్, అంగళ్ళ మధ్య పెరిగిన మనిషి. నాది బోథ్ దగ్గరి పల్లె. మా మేనమామ జొన్నచేనుకు అడవిపందులు పడితే తీగ ఉచ్చులు పన్నేవాడు. కొత్త తీగను ఏనాడూ అట్లాగే పెట్టలేదు. ముందు బూడిదతో తోమి జిడ్డు తీసేవాడు. తడి మట్టిలో పాతి తుప్పు పట్టనిచ్చేవాడు. ఆ తర్వాత తుమ్మచెక్క, కరక్కాయలు దంచి వేసి ఉడికించిన నీళ్ళలో ముంచితే తుప్పు కాస్తా నల్లబడి తీగ అడవిలో కలిసిపోయేది. ఉచ్చులు ముట్టుకునే రోజు బీడీ లేదు, తలకు నూనె లేదు, ఇంట్లో పోపు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. మా అత్త తిట్టుకుంటూ చప్పిడి పప్పు వండేది.

మా ఆయన నేరుగా సరేననలేదు. మర్నాడు షిఫ్టు దిగి వచ్చేటప్పుడు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, "ఏం జేస్తవో చెయ్యి" అన్నాడు. ఆయన ఒప్పుకోవడం ఎప్పుడూ అట్లాగే ఉంటుంది.

తాటాకులు అంటించి ముందు ఆ రంగంతా కాల్పించాను. ఇసుకతో గీకించాను. రెండు రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచితే ఇనుము ఎర్రగా తుప్పెక్కింది. లైనులో అందరివీ బొగ్గు పొయ్యిలే. బొగ్గు పొగ వాసన పట్టిందంటే కథ మళ్ళీ మొదటికి వస్తుంది కాబట్టి కట్టెలు తెప్పించి, పెద్ద కాగులో తుమ్మచెక్కా కరక్కాయలూ మరగబెట్టాను. ఆ వేడి నీళ్ళు ముంతతో పోస్తుంటే ఊచలు నా కళ్ళముందే నల్లబడ్డాయి. చెక్క పలకకూ పట్టించాను. పైన మోరీ పక్కని బురద మెత్తి, మోదుగ కొమ్మలు దట్టంగా కప్పించాను. నేను తలకు నూనె మానేశాను, సబ్బు మానేశాను, ఆయన చేత బీడీ మాన్పించాను. పక్కింట్లో కోస్తా నుంచి వచ్చినావిడ ఉండేది, నాకంటే చిన్నది, చంకలో ఏడాది నిండని పిల్లాడు. "పులికి మడి వంట చేస్తున్నావా వదినా?" అని నవ్వింది.

అంతా అయ్యాక మా ఆయన పెరట్లో నిలబడి పొదలవైపు చూసి, "ఏదే బోను?" అన్నాడు. నాకు చెప్పలేనంత గర్వం కలిగింది.

మా బిడ్డ ఎర్ర బోనును చూస్తే ఏడ్చేది. పెరడు దాటకుండా ఉంటుందని మేమే దాన్ని బూచి అని చెప్పి భయపెట్టాం. ఇప్పుడక్కడ ఎరుపూ లేదు, బూచీ లేదు. ఒక పొద ఉంది, అంతే. పైగా ఈ పని జరిగినన్నాళ్ళూ మేకపిల్ల మా ఇంట్లోనే ఉంది. దానికి గడ్డిపోచలు తినిపించేది ఇదే, దాని మెడ మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేదీ ఇదే. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి ముడిపడతాయని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

పొద్దు ఇంకా బాగా ఉండగానే ఆయన మేకపిల్లను తీసుకుపోయి బోనులో కట్టి, తలుపు పైకెత్తి చీల బిగించి వచ్చాడు. బిడ్డ నిద్రపోతోంది. దాని పక్కనే ఆయనా నడుం వాల్చాడు. నేను నల్లాకు పోయాను. వచ్చి బిందెలు దించి చూస్తే చాప మీద ఆయన ఒక్కడే ఉన్నాడు. పెరటి తలుపు ఓరగా తీసి ఉంది.

నా కేకకు ఆయన లేచి కూర్చున్నాడు. "బిడ్డేదయ్యా?" అంటే చాప చుట్టూ తడుముకున్నాడు. నేను లైనులో ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ చూడలేదు. కోస్తా ఆవిడ పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని నా వెంట పరుగెత్తింది. అప్పుడే పొదల్లోంచి రేకు తలుపు పడిన చప్పుడు, ధన్‌మని.

"పడ్డది! పులి పడ్డది!"

లైనంతా ఒక్కసారి అరిచింది. మగవాళ్ళు గడ్డపారలు పట్టుకుని ఉరికారు. పులి ఇటే వచ్చింది, నా బిడ్డ ఇంట్లో లేదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడానికి కూడా ధైర్యం చాలలేదు.

పక్క ఊరి పటేలుకు తుపాకీ ఉంది. బోనులో పులి పడితే కాల్చే పని ఆయనకే అప్పజెప్పారు. ఆ సాయంత్రం మా లైనులోనే ఎవరింట్లోనో చాయ్ తాగుతున్నాడు. నేను పొదల దగ్గరికి చేరేసరికి ఆయన తుపాకీ భుజానికి ఎత్తి ఉన్నాడు. కొమ్మలూ బురదా కప్పి ఉన్నాయి కదా, లోపల ఏమీ కనిపించదు. నల్లగా ఏదో కదులుతోంది, అంతే.

"జరగుండ్రి, అందరు జరగుండ్రి" అంటున్నాడు పటేలు.

అప్పుడు లోపల మేకపిల్ల అరిచింది. మళ్ళీ అరిచింది. బెదిరిన అరుపు కాదు, ఇంట్లో గడ్డి కోసం మారాం చేసే అరుపు.

"కాల్చకుండ్రి పటేలా!" అని తుపాకీకి అడ్డంగా పోయాను. "పులి లోపలుంటే మేకపిల్ల గిట్ల అరుస్తదా?"

"కడుపు నిండిన పులి మేకను ముట్టదమ్మా. నువ్వు జరుగు" అన్నాడాయన. ఆ మాట అన్నాక తను అన్నదేమిటో ఆయనకే తెలిసి నోరు మూసుకున్నాడు. మా ఆయన వెనకనుంచి నా రెక్క పట్టుకుని గుంజాడు. విదిలించుకుని బోను మీద పడ్డాను. కొమ్మలు చీల్చుకుని ఊచల సందులోంచి చెయ్యి లోపలికి పెట్టాను. పులే అయితే నా చెయ్యి పోతుంది, పోనీ అనుకున్నాను. వేళ్ళకు బొచ్చు తగిలింది. అది మేకపిల్ల వీపు. ఇంకొంచెం పక్కకు జరిపితే చిన్న చెయ్యి వచ్చి నా బొటనవేలు పట్టుకుంది.

"అమ్మా, మేక ఏడుస్తుంది" అంది లోపలినుంచి. మేకపిల్లను ఇంటికి తెచ్చుకుందామని లాగినట్టుంది, చీల ఊడి తలుపు పడింది.

తలుపు ఎవరో ఎత్తారు. బిడ్డ బయటికి రాగానే వీపు మీద ఒక్కటి వేశాను, ఆ తర్వాత గుండెకు హత్తుకుని ఏడ్చాను. పటేలు తుపాకీని నేలకు ఆనించి కింద కూలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న మోరీ దగ్గర మళ్ళీ పులి అడుగులు కనిపించాయి.

"ఇగ వద్దే. గా బోనును కోసి ముక్కలు జేస్త" అన్నాడు మా ఆయన.

"మరి పులినేం జేస్తవు?"

కోస్తా ఆవిడ పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని వచ్చి మా గడపలో నిలబడింది. బోను మళ్ళీ పెట్టమని అడగలేక నిలబడిందని తెలుస్తూనే ఉంది. బోను నిండా ఇప్పుడు మనుషుల వాసన. అన్నిటికంటే ఎక్కువ నా బిడ్డ వాసన. అది పోతే తప్ప పులి రాదు.

కాగు పొయ్యి మీద పెట్టాను. చెక్క వేశాను, కరక్కాయలు దంచి వేశాను. ముంతతో మరిగిన నీళ్ళు ముంచుకుని పోయి చూస్తే, లోపలి ఊచల మీద చిన్న బురద చేతుల గుర్తులున్నాయి. పలక మూలన అది ఒంటికి పోసుకున్న మరక ఉంది. భయపడ్డదన్నమాట. బయటికి వచ్చాక మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్కడే కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. మా ఆయన దూరంగా నిలబడ్డాడు, నేనే దగ్గరికి రానివ్వలేదు. తర్వాత లేచి ఆ మూల నుంచే మొదలుపెట్టి నీళ్ళు పోశాను. ఊచలు మళ్ళీ నల్లబడ్డాయి, గుర్తులు పోయాయి.

ఆ వారంలోనే చిరుత పడింది. లైనంతా చూడటానికి పోయింది, నేను పోలేదు. తలుపు వేసుకుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తుపాకీ పేలినప్పుడు దాని చెవులు రెండూ గట్టిగా మూశాను.