వెర్డెల్ చెక్క తుపాకీ

వెర్డెల్ అంత పిరికిది మా నల్లవాళ్ళ పేట వాట్స్ మొత్తంలో ఉండదు. ఆమె, నేను ఒకే సెలూన్‌లో ఆడవాళ్ళ జుట్టుకు వేడి దువ్వెన పెట్టి సాపు చేసేవాళ్ళం. వీధిలో పోలీసు కారు కనబడితే చాలు, దువ్వెన వదిలేసి రెండు అరచేతులూ అద్దానికి ఆనించి నిలబడేది. మేం నవ్వేవాళ్ళం కాదు. ఆమె తమ్ముడు రాస్కోను పోలీసులు కాల్చి చంపింది చేతిలో ఉన్న రెంచిని తుపాకీ అనుకునే.

మా చర్చిలో పియానో వాయించే ఆవిడ కొడుకు లూషస్ కాలేజీలో సినిమా చదువుతున్నాడు. నల్లవాళ్ళు పగ తీర్చుకునే సినిమాలు విరగబడి ఆడుతున్న రోజులవి. తానూ ఒకటి తీస్తానన్నాడు. తమ్ముణ్ణి చంపిన పోలీసుల మీద అక్క పగబట్టే కథ. అక్క వేషం వెర్డెల్‌దేనట. ఈ పిరికిదానికా, నీకేమైనా మతిపోయిందా అని వాణ్ణి తిట్టాను. తీరా చూస్తే ఆమే ఒప్పుకుంది. రాస్కో పేరు ఒక్కసారైనా పోలీసుల ముఖం మీద అనాలట.

లూషస్ దగ్గర వీధిలో సినిమా తీయడానికి అనుమతీ లేదు, చాలినంత ఫిల్మూ లేదు. అందుకే ఒక కట్టడి పెట్టాడు. ఏం జరిగినా సరే, కట్ అనేదాకా ఎవరూ ఆగకూడదు. కట్ వినగానే చేతిలోది పడేసి కదలకుండా నిలబడాలి. తుపాకీ చెక్కది, నల్లరంగు పూసింది.

సినిమా తీసే రోజు మధ్యాహ్నం వెర్డెల్‌ను సెలూన్ వెనక సందులో నిలబెట్టి, తన కాలేజీ తెల్ల కుర్రాళ్ళిద్దరు పోలీసు వేషాల్లో కారులో వస్తారని చెప్పాడు. ఆమె వాళ్ళనెప్పుడూ చూడలేదు. వాళ్ళేమో లోపల నా దగ్గరే ఉన్నారు. ఒకడి ప్యాంటు నడుం దగ్గర చాలక పిగిలితే నేను కుడుతున్నాను. అంతలో కిటికీలోంచి సందులోకి పోలీసు కారు రావడం కనిపించింది. వేషగాళ్ళిద్దరూ ఇక్కడుంటే ఆ కారులో ఎవరు? సూది వదిలేసి పరుగెత్తాను.

వెనక తలుపు తీసేసరికి వెర్డెల్ వాళ్ళకెదురు నడుస్తోంది. నేనెరిగిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ముఖంలో భయం లేదు. తుపాకీ ఎత్తింది.

"రాస్కో మా తమ్ముడు. గుర్తున్నాడా? నా ముఖం బాగా చూసుకోండి."

పోలీసులు కారు తలుపుల వెనక నక్కి తుపాకులు తీశారు. పడేయమని అరిచారు. ఆమె వినలేదు. లూషస్ కెమెరా వెనక కొయ్యబారిపోయాడు, కట్ అనలేదు, కెమెరా తిరుగుతూనే ఉంది. నేను ముందుకు ఉరికితే ఇద్దర్నీ కాల్చేస్తారు.

"కట్!" అని గొంతు చించుకున్నాను. "కట్, వెర్డెల్, కట్!"

తుపాకీ కింద పడింది. ఆమె నా మీద విసుక్కుంది.

"కట్ చెప్పడానికి నువ్వెవరివే? పిల్లాడి ఫిల్ము పాడుచేశావు." తర్వాత పోలీసు వైపు తిరిగింది. "బట్టలు భలే కుదిరాయి బాబూ, ఎక్కడ అద్దెకు తెచ్చారు?"

అతను నవ్వలేదు. ఆమెను కారుకేసి అదిమి చేతులు వెనక్కి విరిచాడు. అప్పుడర్థమైంది ఆమెకు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తుపాకీ చెక్కదని తేలాక సాయంత్రానికి వదిలేశారు. కొన్నాళ్ళకు సినిమాను చర్చి హాల్లో వేశారు. ఆ ఘట్టం రాగానే జనం లేచి ఈలలు వేశారు. నేను పక్కకు చూశాను. వెర్డెల్ ముందు కుర్చీ వీపుకు రెండు అరచేతులూ ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"కట్ చెప్పవే," అంది నాతో.