భూపాలపల్లి లాడ్జిలో అత్తమ్మ

మొన్న జనగామలో మా ఇంట్లో గీజరు పాడైంది. రిపేరు చేసే అతను ఫోనులో "రేపొస్త మేడం" అనగానే నాకు ఒళ్లు మండింది. పాపం, అతని తప్పేం లేదు. ఆ "రేపు" అనే మాటను నేను భూపాలపల్లి లాడ్జిలో మూడు నెలలు, పూటకోసారి విన్నాను.

వ్యవసాయ శాఖలో బదిలీ మీద అక్కడికి వెళ్లాను. మా ఆయన ఉద్యోగం జనగామలోనే. నాలుగేళ్ల పాపను మహబూబాబాద్‌లో మా అమ్మ దగ్గర వదిలాను. ఇల్లు దొరకగానే తెచ్చుకోవాలని నా ఆరాటం. కానీ ఒంటరిగా వచ్చిన ఆడదానికి ఇల్లెవరిస్తారు? "సారేడమ్మా?" అని అడిగి తలుపు వేసుకునేవాళ్లు. పెద్ద దిక్కు కనిపిస్తే నమ్ముతారని కొడకండ్ల నుంచి మా అత్తమ్మ వచ్చింది. నేను చిట్యాల వైపు పొలాల్లో తిరుగుతుంటే ఆమె ఇళ్లు వెతకాలని అనుకున్నాం.

ఆ గది సంగతి ఏం చెప్పను! ఫ్యాను తిరిగేది తక్కువ, మూలిగేది ఎక్కువ. బాత్రూంకు గొళ్లెం లేదు, నీళ్ల బకెట్టే తలుపుకు అడ్డం. దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేస్తే గనుల బొగ్గు పొడి పట్టి, ఉతకకముందే నయమనిపించేవి. వేడినీళ్ల గురించి అడిగితే మేనేజర్ "రేపు జేపిస్త మేడం" అనేవాడు. సాయంత్రం బురదకాళ్లతో నేను వచ్చేసరికి అత్తమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, కింది హోటల్ చాయ్ తాగుతూ కనిపించేది. "ఒక్క ఇల్లు గూడ దొర్కలే బిడ్డా" అనేది. ఫోనులో పాప "నన్నెప్పుడు తీస్కపోతవమ్మా?" అని ఏడ్చేది. నేను ఫోను పెట్టేసి మేనేజర్ మీద అరిచేదాన్ని.

ఒకరోజు అలాగే అరుస్తుంటే అతను విసిగిపోయాడు. "మా చెల్లె ఇల్లు మంచిగనే ఉండె గద మేడం. నెల కింద మీ అత్తమ్మకు జూపిచ్చిన. ఒద్దన్నది. ఇంక ఖాళీగనే ఉన్నది."

మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాను. "నా బిడ్డను ఇంకో నెల నాకు దూరం జేసినవా అత్తమ్మా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నలభై ఏండ్ల సంది పొద్దుగాల లేసి పెండ దీసుడు, పొయ్యి ముట్టిచ్చుడు. గీడ ఒకామె అచ్చి ఊడుస్తది, అడగక ముందే చాయ్ అస్తది. నాలుగొద్దులు ఉందామనుకున్న. గట్లనే నెలైంది. తప్పే బిడ్డా."

ఆ కంపు గదిలో, ఆ మూలిగే ఫ్యాను కింద ఆమె సుఖపడిందంటే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు. ఆదివారమే ఆ ఇంట్లో దిగాం. పాప వచ్చింది. తెల్లారి నేను లేచేసరికి అత్తమ్మ వాకిలి ఊడ్చేసి, పొయ్యి మీద అన్నం పెట్టేసింది. మూడో రోజు "కొట్టంల బర్లు పరేషాన్ అయితయి" అంటూ కొడకండ్ల బస్సెక్కింది.

అత్తమ్మ కాలం చేసి రెండేళ్లు. పాపకు ఆ నెల గుర్తే లేదు. నాకు గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది, కాకపోతే ఏడాదికేడాది కాస్త ఆలస్యంగా వస్తోంది.