తూకం మిషన్ మీద అనుమానం

మా కోచ్ డాన్ ఎవరిస్తో (డాన్ అంటే మా ఊళ్ళో 'గారు' లాంటి మాట) ఎవర్నీ నమ్మడు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. కోలోన్‌లో మా బాక్సింగ్ జిమ్ తలుపుకి ఆయన వేసిన నాలుగు తాళాలు చూసి అంటున్న మాట. లోపల ఎత్తుకుపోవడానికి ఉన్నవల్లా చిరిగిన ఇసుక సంచులు, చెమట కంపు. ఆ కంపునైనా సరే, ఎవడూ ఊరికే పట్టుకుపోకూడదని ఆయన పట్టుదల.

నీళ్ళ విషయం ఇంకా ఘోరం. ఇంకొకరి చేతి నీళ్ళు ముట్టడు. కుర్రతనంలో ఒక పోటీలో ఎవడో నీళ్ళలో ఏదో కలిపాడట, అందుకే ఓడిపోయాడట. చూసినవాళ్ళు మాత్రం గడ్డం కింద తగిలిన గుద్దుకి ఓడిపోయాడంటారు. అప్పట్నుంచి మెళ్ళో తాడుకి వేలాడే ఇనప సీసా ఆయనకో అవయవం. ఇంట్లో సూప్ కూడా ముందు ఆయన భార్య డోన్యా ఒఫీలియా ఒక చెంచా తాగి చూపించాలి.

"నలభై ఏళ్ళ కాపురం, ఇంకా నమ్మకం కుదర్లేదా?" అంటుందావిడ.

"నలభై ఏళ్ళు బతికానంటే ఎందుకనుకున్నావ్?" అంటాడీయన.

ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి నేను జిమ్‌కి వెళ్ళిన రోజున నన్ను ఎగాదిగా చూసి, "నిన్నెవరు పంపారు?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు, డాన్ ఎవరిస్తో. నేనే వచ్చాను."

"చదువు మానేసి గుద్దులు తినడానికి ఎవడైనా తనంతట తాను వస్తాడా? అబద్ధం కాస్త అతికేట్టు చెప్పు, ఇంజనీరూ."

ఆ రోజు నుంచి జిమ్‌లో నా పేరు ఇంజనీరు. మా నాన్న కోరిక ఆ విధంగా తీరింది.

బాక్సర్ల వయసు దగ్గర ఆయన అనుమానానికి హద్దులుండవు. పుట్టిన తేదీ చెబితే చెవిన పెట్టడు, ఎలా ఆడతావో చూపించమంటాడు. "నాలుగు తిని ఒకటి కొట్టే నాలాంటి మొండివాడికి చెయ్యి ముసలిదవదు. నా కుడిచేతికి ఇప్పటికీ గాడిద పడుతుంది. నాకు ముసలితనం వచ్చింది ఇక్కడ" అని తల తట్టుకునేవాడు. "నిన్న మనవరాలి పేరు గుర్తుకు రాక రోజంతా 'తల్లీ, తల్లీ' అని నెట్టుకొచ్చాను. దూరంగా నిలబడి ఎడంచేత్తో పొడిచేవాడు మెల్లగా, మర్యాదగా ముసలివాడవుతాడు. కాలు మందగించినా చెయ్యి పొడుగు తగ్గదు కదా! తప్పించుకుని బతికేవాడున్నాడే, వాడి ఆస్తంతా కన్నూ కాలూ. అవి పోయేటప్పుడు చెప్పి పోవు. అందరికంటే ఆఖర్న తెలిసేది వాడికే."

ఆ తప్పించుకునేవాడు మా లసారో. ఊరంతా సబ్బు అని పిలుస్తారు. చేతులు కిందికి వదిలేసి, గడ్డం ముందుకు చాపి, గుద్దు వచ్చేసరికి అక్కడ ఉండడు. వయసు నలభైకి దగ్గర పడింది. రాజధాని నుంచి వచ్చే ఒక ఇరవయ్యేళ్ళ కుర్రాడితో పోటీ ఒప్పుకున్నాడు. అంతకుముందే ఆ కుర్రాడి ఎడంచేతి దెబ్బకి ఒకడు ఆసుపత్రిలో కళ్ళు తెరిచాడు.

పోటీ దగ్గర పడ్డాక, సాధనలో ఒకసారి నా కుడి చెయ్యి పోయి లసారో ముక్కుకి తగిలింది. అప్పటిదాకా నేను గాలిని తప్ప దేన్నీ కొట్టలేదు.

"చూశారా! నా వేగం పెరిగింది!" అని ఎగిరాను.

"కంట్లో చెమట పడిందిలే" అని లసారో ముక్కు తుడుచుకున్నాడు.

డాన్ ఎవరిస్తో నన్ను మూలకి లాక్కుపోయాడు. "నీ వేగం పెరగలేదు, ఇంజనీరూ. నీకంత సీను లేదు."

"మరి తగిలింది కదండీ!"

"అదే నా భయం."

"అయితే పోటీ మానెయ్యమని చెప్పండి."

"కోలోన్‌లో పుట్టినవాణ్ణి ముసలాడివయ్యావంటే ఏం చేస్తాడో తెలుసా? ఇంకో రెండు పోటీలకి సంతకం పెడతాడు."

పోటీకి ముందురోజు ఇద్దరి బరువూ తూచాలి. హాలు కిటకిటలాడుతోంది. కుర్రాడు తూగి దిగాడు. లసారో చొక్కా విప్పాడు. డాన్ ఎవరిస్తో మిషన్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"దీన్ని నేను నమ్మను."

"పొద్దున్నే సరిచూశాం, డాన్ ఎవరిస్తో" అన్నాడు అధికారి.

"ఎవరు చూశారు? నువ్వేనా? నీ బూట్లు కొత్తవి. ఎవడు కొనిపెట్టాడు?"

హాలంతా గొల్లున నవ్వింది. ఇంకో మిషన్ తెచ్చారు. అది మొదటిదానికి చుట్టమన్నాడు. చేపల మార్కెట్ నుంచి కాటా తెచ్చారు. చేపలమ్మేవాళ్ళు పుట్టుకతోనే దొంగలన్నాడు. కాటా తెచ్చిన ఆడమనిషి "నీ పుట్టుక సంగతి నన్ను చెప్పమంటావా?" అని మీదికొచ్చింది. అధికారికి ఓపిక అయిపోయింది. "ఇంకొక్క మాటంటే పోటీ రద్దు!" అన్నాడు. డాన్ ఎవరిస్తో ఒక్క మాటతో ఆగలేదు. అధికారితో మొదలుపెట్టి వాళ్ళ ముత్తాత దాకా వెళ్ళాడు.

పోటీ రద్దయింది. ఏడాదిపాటు పోటీల్లో ఏ బాక్సర్ పక్కనా కోచ్‌గా నిలబడకూడదని ఆయనకి శిక్ష పడింది. "నా పోటీ మంటగలిపావు కదరా, పిచ్చి ముసలాడా!" అని లసారో హాలు దద్దరిల్లేలా అరిచాడు. జనం ఈలలు వేశారు. తిట్లన్నీ ముసలాయనకే. లసారో కాళ్ళ గురించి గానీ కళ్ళ గురించి గానీ ఎవడూ నోరెత్తలేదు.

నాకు మాత్రం ఒకటి మింగుడు పడలేదు. ఆ గొడవలో గొంతెండి ఆయన దగ్గుతుంటే, అవతలి కుర్రాడి కోచ్ గ్లాసుడు నీళ్ళందించాడు. గటగటా తాగేసి మళ్ళీ తిట్లందుకున్నాడు. వాసన కూడా చూడలేదు! అనుమానం నటించే హడావుడిలో నిజంగా అనుమానించడం మర్చిపోయాడన్నమాట.

తిన్నగా ఆయన ఇంటికెళ్ళి అడిగాను. "మిషన్ సరైనదే కదండీ?"

"దొంగది."

"మరి వాళ్ళ నీళ్ళెలా తాగారు?"

ఆయన ముఖం పాలిపోయింది. "తాగానా? ఒఫీలియా!" అని నాలుక బయటపెట్టాడు. "రంగు మారిందేమో చూడవే!"

ఏడాది శిక్షతో మా పక్కన నిలబడే దిక్కు లేకుండా పోయింది. లసారో "ఈ ఒక్క ఏడాదికే" అని గొణుగుతూ కోచ్ తువ్వాలు తన భుజాన వేసుకున్నాడు. మళ్ళీ పోటీ ఎప్పుడని అడిగినవాళ్ళకి "ఆ ముసలాడి పుణ్యమా అని ఊపిరాడ్డం లేదు" అని చెప్పుకుంటున్నాడు. నాకు ఎడంచెయ్యి చాపడం నేర్పుతున్నాడు.

ఒకరోజు నా చేతికి పట్టీ చుడుతూ గొంతు తగ్గించాడు. "ఆ రోజు అందరికంటే ముందే వెళ్ళి ఆ మిషన్ ఎక్కి చూసుకున్నాన్రా. మా ఇంటి తూకానికీ దానికీ వెంట్రుకంత తేడా లేదు."

"మరి అంతలా అరిచావేం, అన్నా?"

పట్టీ ముడి బిగించి, నా గుప్పిట మీద ఒక దెబ్బ వేశాడు.

"అరవకపోతే ఆయనకి అనుమానం రాదూ?"